కడలి అడుగున పచ్చని పైరు

చేలో పైరుకు వాన, ఎండ, మట్టి ఎలాగో సముద్రపు నాచుకు ఉప్పు, వెలుగు, అల అలాగ. వాటిలో ఏది తేడా వచ్చినా ఆ పైరు పోతుంది. దాన్ని నమ్ముకుని బతికే పీతా, రొయ్యా, చేపా కూడా చెదిరిపోతాయి. ఆ మార్పులన్నీ మన మెట్ట రాళ్లలో, కొల్లేటి నీళ్లలో, విశాఖ బండలమీద రాసిపెట్టినట్టే కనిపిస్తాయి.

కామవరపుకోటకు సముద్రం ఎంత దూరం? గీత గీసినట్టు కొలిచినా డెబ్బై కిలోమీటర్ల పైమాటే. చుట్టూ ఆయిల్‌పామ్ తోటలు, జీడిమామిడి, పొగాకు, ఎర్రమట్టి. గుంటుపల్లి గుహలు చూడటానికి బయటివాళ్లు ఈ దారిన వస్తారుగానీ, ఇక్కడివాళ్లు సముద్రం చూడాలంటే పేరుపాలెం బీచ్‌కో, మచిలీపట్నం దాటి మంగినపూడికో బయలుదేరాల్సిందే.

ఒకప్పుడు ఆ శ్రమ అవసరం లేదు. సముద్రమే ఇక్కడికి వచ్చింది!

ఇది కథ కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఈ మెట్ట ప్రాంతమంతా తిరిగి, ఇక్కడి రాళ్లను మూడు వరుసలుగా విడదీసి 1880లో వివరాలు ప్రచురించాడు. అడుగున ఉన్నవి గొల్లపల్లి ఇసుకరాళ్లు. వాటిమీద రాఘవాపురం బంకరాళ్లు. ఆపైన తిరుపతి ఇసుకరాళ్లు. తిరుపతి అనగానే ఏడుకొండలు గుర్తొస్తాయిగానీ ఇది చిన తిరుపతి... అంటే మన ద్వారకా తిరుమల. ప్రపంచంలో ఎక్కడ భూగర్భశాస్త్రం చదివేవాళ్లయినా కృష్ణా-గోదావరి బేసిన్ గురించి తెలుసుకోవాలంటే ఈ పల్లెటూళ్ల పేర్లు పలకాల్సిందే.

రాఘవాపురం రాళ్లలో పొరలు విడదీస్తే ఆకుల అచ్చులు దొరికాయి. వాటితోపాటే చుట్టలు చుట్టుకున్న నత్తల్లాంటి అమ్మోనైట్లు, సముద్రపు గవ్వలూ దొరికాయి. అమ్మోనైట్లు మంచినీళ్లలో బతకవు. చెట్ల ఆకులు నడిసముద్రంలో కుప్పపడవు. రెండూ ఒకే రాతిలో ఉన్నాయంటే అక్కడ ఒకప్పుడు తీరం ఉన్నట్టు. పది కోట్ల ఏళ్ల పైనాటి మాట అది.

రాతిలో దొరికిన నాచు

కామవరపుకోట నుంచి తూర్పుగా కొంతదూరం పోతే దేవరపల్లి మండలం వస్తుంది. ఒకనాటి పశ్చిమగోదావరే, 2022లో జిల్లాలు విడిపోయాక తూర్పుగోదావరిలోకి వెళ్లింది. అక్కడి గౌరీపట్నం, దుద్దుకూరు క్వారీల నల్లరాయి రోడ్లకూ ఇళ్లకూ వెళ్తుంటుంది. లారీల్లో కంకర మోసే డ్రైవర్లకు అది మామూలు నల్లరాయే. నిజానికి అది ఎప్పుడో గడ్డకట్టిన లావా. పడమటి కనుమల వైపు దక్కన్ పీఠభూమిని కప్పేసిన లావా ప్రవాహాల్లో కొన్ని ఇంత దూరం పారివచ్చి ఇక్కడ అప్పటి సముద్ర తీరాన్ని తాకాయి.

ఈ నల్లరాయి రెండు అంతస్తులుగా ఉంటుంది. ఒక విడత లావా వచ్చి ఆగింది. మళ్లీ ఇంకో విడత వచ్చింది. మధ్యలో దొరికిన తెరిపిలో అక్కడ లోతులేని నీళ్లు నిలిచి సున్నపురాయి పేరుకుంది. రెండు అట్ల మధ్య పచ్చడి పూసినట్టన్నమాట. 2008లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల్లోని సున్నపు పొరను పరీక్షించి, డైనోసార్లు అంతరించిన కాలానికి వెంటనే తర్వాత పుట్టిన సూక్ష్మజీవుల గుల్లలు అందులో ఉన్నాయని తేల్చింది. ఆరున్నర కోట్ల ఏళ్లకు కాస్త అటూఇటూ.

మనకు కావాల్సిన సంగతి అంతకన్నా ముందే, 1930ల్లోనే బయటపడింది. ఎస్.ఆర్.నారాయణరావు, కె.శ్రీపాదరావు రాజమండ్రి పక్కన కాతేరు దగ్గర ఇదే పొరను పట్టుకున్నారు. రాతిని పల్చగా అరగదీసి సూక్ష్మదర్శిని కింద పెడితే అందులో నాచు కనిపించింది! కారా జాతి నాచుల గింజల్లాంటి కాయలున్నాయి. నియోమెరిస్, ఎసిక్యులేరియా అనే ఆకుపచ్చ సముద్రపు నాచుల అవశేషాలూ ఉన్నాయి. ఒంటినిండా సున్నం పట్టించుకోవడం వీటి అలవాటు. మెత్తటి నాచు కుళ్లి మాయమైపోతుంది. సున్నం తొడుక్కున్న నాచు మాత్రం రాయై మిగులుతుంది.

నియోమెరిస్ చుట్టాలు ఇప్పటికీ వెచ్చటి సముద్రాల్లో బతికే ఉన్నాయి. లోతు తక్కువగా, అడుగు కనిపించేంత తేటగా, అలల ఉధృతి లేకుండా ఉండే నీళ్లు వాటికి ఇష్టం. కారా నాచులకేమో మంచినీళ్లో, ఉప్పు తక్కువ నీళ్లో కావాలి. రెండూ ఒకేచోట దొరికాయి కాబట్టి అప్పట్లో అక్కడ ఏటి మొగ లాంటిది ఉండేదని శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. నీటి లోతు, తేట, వేడి, ఉప్పు... అన్నిటినీ ఒక్క నాచు చెప్పేసింది. నాచును చూసి సముద్రం ఎలా ఉండేదో చెప్పగలిగితే, సముద్రాన్ని చూసి అక్కడ నాచు ఉంటుందో లేదో కూడా చెప్పొచ్చు కదా?

వేళ్లు లేవు... పట్టు ఉంది

నాచు అనగానే కాలు జారడమే గుర్తొస్తుంది మనకు. సముద్రపు నాచు వేరే లోకం. చైనా గ్రాస్ తెలియని ఇల్లాలు ఉండదు. ఫలూదాలోకీ పుడ్డింగ్‌లోకీ వేసే ఆ తెల్లటి పుల్లలు ఎర్రనాచుల నుంచి తీసిన అగర్. రోగమేమిటో తేల్చడానికి ల్యాబుల్లో బ్యాక్టీరియాను పెంచే జెల్లీ కూడా అదే. టూత్‌పేస్టు జారిపోకుండా, ఐస్‌క్రీమ్ నీరుకారిపోకుండా పట్టి ఉంచే క్యారగీనన్ మరో రకం ఎర్రనాచులోంచి వస్తుంది. పొద్దున్నే పళ్లు తోముకునేటప్పుడు మనకు తెలియకుండానే సముద్రం నోట్లోకి వస్తుందన్నమాట!

మనదేశ తీరాల్లో ఎనిమిది వందలకు పైగా జాతుల నాచులున్నాయి. ఆకుపచ్చ, గోధుమ, ఎరుపు... స్థూలంగా మూడు రంగులు. మొక్కలా కనిపిస్తాయిగానీ వీటికి వేళ్లుండవు. అడుగున పట్టులాంటిది ఒకటి ఉంటుంది. అది రాతిని కరిచి పట్టుకోవడానికే తప్ప తిండి లాగడానికి కాదు. నీళ్లలో కరిగిన నత్రజనినీ, భాస్వరాన్నీ ఒళ్లంతటితోనూ పీల్చుకుంటుంది నాచు. అందుకే దానికి సారవంతమైన మట్టితో పనిలేదు. కదలని బండ కావాలి. కదిలే నీళ్లు కావాలి. ఆ నీళ్లలోంచి దిగివచ్చే వెలుగు కావాలి. నీళ్లు తేటగా ఉంటే వెలుగు బాగా లోతుకు పోతుంది. 1980ల్లో బహామాస్ దీవుల దగ్గర 268 మీటర్ల లోతున, పట్టపగలూ చీకటిలాంటి చోట, రాతికి అంటుకుపోయిన ఎర్రనాచు పొర కనిపించింది.

గోదావరి తెచ్చేదీ దాచేదీ

మరి నరసాపురం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న తీరంలో ఈ పచ్చదనం ఎందుకు కనిపించదు? కారణం మన నదులే.

ఎర్రకాలువ పొంగితే తాడేపల్లిగూడెం, నిడదవోలు పొలాలు మునుగుతాయి. తమ్మిలేరు పొంగితే ఏలూరు ఉలిక్కిపడుతుంది. ఆ నీళ్ల రంగు చూశారుగా... మెట్టలోని ఎర్రమట్టి కరిగి పోతూ ఉంటుంది. ఇక గోదావరి సంగతి చెప్పేదేముంది? వరదల కాలంలో ఎర్రనీళ్లు వచ్చాయంటే డెల్టాలో పులస కబుర్లు మొదలవుతాయి. ఆ ఎరుపంతా ఎక్కడికి పోతుంది? సముద్రంలోకే. మొగల దగ్గర నీళ్లు మైళ్ల దూరం బురదరంగులో ఉంటాయి. వెలుగు లోపలికి దిగదు. అడుగునంతా ఒండ్రు, ఇసుక. పట్టుకోవడానికి బండ లేదు. ఎక్కడైనా పట్టు దొరికి ఒక మొలక వేసినా మరుసటి అలకు ఇసుక దాన్ని కప్పేస్తుంది.

అలాగని ఆ బురదను తిట్టుకోనక్కరలేదు. కోరంగి మడఅడవికి అదే అన్నం. డెల్టా వరిచేలకు పునాదీ అదే. నాచుకు పనికిరాని చోటు మడచెట్టుకు స్వర్గం. ఎవరికి ఏ నీళ్లు కావాలో సముద్రమే పంచిపెట్టింది.

ఆ పంపకం ఈమధ్య మారుతోంది. గోదావరి ఏటా మోసుకొచ్చే ఒండ్రు 1970ల్లో సగటున 15 కోట్ల టన్నులుంటే, 1990ల్లో 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందని ఆంధ్రా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో లెక్కచెప్పారు. పైన కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతోంది. డెల్టా అంచు కోసుకుపోతోంది. ఉప్పాడలో ఇళ్లను మింగేస్తున్న సముద్రాన్ని ఆపడానికి బండరాళ్లు పోశారు. ఒండ్రు తగ్గింది కదా, బండలూ పడ్డాయి కదా, ఇక నాచు తోటలు వచ్చేస్తాయనుకుంటే పొరపాటే. కొట్టుకుపోయే తీరంలో ఇసుక నిలకడగా ఉండదు. అల తగిలే బండమీద ఆకుపచ్చ నాచు పూత రావచ్చుగానీ, తోట కావాలంటే ఏళ్ల తరబడి కదలని నేల కావాలి.

విశాఖ బండలమీద క్యాలెండరు

అలాంటి నేల కావాలంటే ఉత్తరానికి పోవాలి. తూర్పుకనుమలు సముద్రంలోకి తొంగిచూసే చోటు విశాఖపట్నం. సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి దారిలో అల విరిగే బండలను పాటు వేళ చూస్తే మేడ అంతస్తుల్లా నాచు వరుసలు కనిపిస్తాయి. పైన, ఎండా గాలీ ఎక్కువ తగిలే చోట సన్నటి ఆకుపచ్చ నాచులు. కాస్త కింద పాలకూర ఆకులా పల్చగా మెరిసే ఉల్వా. దాని పొరుగున బిరుసు వెంట్రుకల్లాంటి కీటోమార్ఫా. ఇంకా కిందికి, అలలు ఎప్పుడూ తడిపే చోట ఎర్రటి గ్రాసిలేరియా, విసనకర్ర ఆకారంలో పడైనా, గాలిబుడగలతో తేలే గోధుమరంగు సర్గాసమ్. ఎవరూ గీత గీయలేదు. ఎంతసేపు ఎండకు తాళుకోగలదన్నదాన్ని బట్టి ఎవరి అంతస్తు వాళ్లదే.

ఈ వరుసలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. ఎందుకుండవో తేల్చడానికి విశాఖలో పెద్ద పనే జరిగింది. 1952లో అమెరికా నుంచి యూజీన్ లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్రా విశ్వవిద్యాలయానికి వచ్చాడు. ఇక్కడి అధ్యాపకులను, విద్యార్థులను వెంటబెట్టుకుని పడవల్లో సముద్రంలోకి పోయి నీటి వేడినీ, ఉప్పునూ, ప్రవాహాలనూ కొలిచాడు. బంగాళాఖాతం స్వభావం మనకు తెలిసిరావడంలో ఆ కొలతల పాత్ర చిన్నది కాదు. సముద్ర గర్భంలోని ఒక లోయకు 'ఆంధ్రా' పేరు పెట్టిందీ ఆయనే. ఆ తర్వాత వృక్షశాస్త్ర విభాగానికి చెందిన ఎం.ఉమామహేశ్వరరావు, టి.శ్రీరాములు బండలమీది నాచుల జీవితాన్ని పరిశీలించి 1964లో బ్రిటన్ నుంచి వచ్చే 'జర్నల్ ఆఫ్ ఎకాలజీ'లో ప్రచురించారు. ఇప్పటికీ మన తీరంలో నాచుల గురించి మాట్లాడేవాళ్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.

వాళ్లు చెప్పిన లెక్కలూ, తర్వాత తెలిసినవీ కలిపితే విశాఖ సముద్రపు క్యాలెండరు ఇలా ఉంటుంది.

ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట ప్రవాహం దక్షిణం నుంచి ఉత్తరానికి పారుతుంది. నీళ్లు బాగా ఉప్పగా ఉంటాయి. భీమవరం, కైకలూరు రొయ్యల రైతులకైతే 'పీపీటీ' లెక్క విడమరిచి చెప్పనక్కరలేదు. మహాసముద్రాల్లో సగటున 35 పీపీటీ. వేసవి ముందు విశాఖ నీళ్లు దానికి దగ్గరగా వెళ్తాయి. తీరం వెంట వీచే గాలి పైపై నీళ్లను లోపలికి నెట్టేస్తే, ఆ ఖాళీ నింపడానికి అడుగునున్న చల్లటి నీళ్లు పైకి వస్తాయి. వాటితోపాటే అడుగున పేరుకున్న పోషకాలూ వస్తాయి. పొలానికి ఎరువు వేసినట్టే ఇది.

వినడానికి బాగుంది. చిక్కల్లా ఏమిటంటే, సరిగ్గా ఆ రోజుల్లోనే సముద్ర మట్టం ఏడాది మొత్తంలోకెల్లా దిగువన ఉంటుంది. ఆటుపోట్ల సంగతి కాదిది. నెలసరి సగటు మట్టమే వేసవి ముందుకూ, అక్టోబరు-నవంబరుకూ మధ్య అడుగుకు పైగా తేడా వస్తుంది. విశాఖలో పోటుకూ పాటుకూ మధ్య తేడాయే ఒక మనిషి ఎత్తు ఉండదు. అందులో అడుగంటే మాటలా? మట్టం దిగినప్పుడు బండల పై అంతస్తులు గంటల తరబడి ఎండలో మిగిలిపోతాయి. నాచు రంగు వెలిసి, ఎండి, రాలిపోతుంది. ఎరువు అందినా తడి అందని చేను పరిస్థితి!

అక్టోబరు వచ్చేసరికి అంతా తలకిందులు. మట్టం పెరుగుతుంది, బండలు మునిగి ఉంటాయి, ఎండ బాధ లేదు. కానీ ఉప్పు? గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అవతల ఇరావతి... వానాకాలం నీళ్లన్నీ బంగాళాఖాతంలో కలిసి ఉంటాయి. ఇప్పుడు ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతుంది. గంగ ముఖద్వారం దగ్గరి చప్పటి నీళ్లు మన తీరం వెంట కిందికి దిగుతాయి. విశాఖ దగ్గర ఉప్పు ముప్ఫై పీపీటీ లోపుకు పడిపోతుంది. ఉల్వా లాంటి మొండి ఘటాలు తట్టుకుంటాయి. సుకుమారమైన ఎర్రనాచులకు కష్టం. పైగా తుపాన్ల కాలం కూడా అదే.

తెలుగునేల వాననీరు అందులో ఒక పాయ మాత్రమే. హిమాలయాల్లో కరిగిన మంచు, అస్సాంలో కురిసిన వాన కూడా భీమిలి బండమీది నాచు బతుకును నిర్ణయిస్తుంటాయి.

మంచినీళ్లు తేలిక. అవి ఉప్పునీళ్లమీద మూతలా పరుచుకుంటాయి. ఆ మూత వల్ల అడుగున ఉన్న పోషకాలు పైకి రాలేవు. అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో వానాకాలపు పంట ఎందుకు తక్కువో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ శాస్త్రవేత్తలు 2002లో వివరించింది ఇలాగే. పడమటి తీరంలో కవళ్లు, కానాగంతలు అంతంత విరివిగా పడటానికీ ఈ లెక్కకూ సంబంధం ఉంది. సముద్రంలో మొదటి మేత కంటికి కనిపించని నాచే మరి! హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో నీటి వేడినీ, ఆ సన్ననాచు పచ్చదనాన్నీ చూసి 'ఫలానా చోట చేపలుండొచ్చు' అని మత్స్యకారులకు కబురు పంపుతోంది.

విశాఖ బండలమీద ఏడాదిలో కొన్ని నెలలే కనిపించి మాయమయ్యే నాచు ఒకటుంది. పేరు పోర్ఫైరా. జపాన్‌వాళ్లు అన్నం చుట్టుకుని తినే నోరికి దగ్గరి బంధువు. మిగతా నెలల్లో ఇది ఎక్కడికి పోతుంది? ఈ ప్రశ్న జపాన్‌వాళ్లనూ శతాబ్దాలపాటు వేధించింది. నోరి విత్తనం ఎక్కడుంటుందో తెలియక దాని సాగు జూదంలా ఉండేది. 1949లో కాథ్లీన్ డ్రూ బేకర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త గుట్టు విప్పింది. వేడిగా ఉన్న నెలల్లో ఆ నాచు ఆల్చిప్పల్లోకి దూరి, ఎర్రటి సన్నదారంలా తలదాచుకుంటుంది. నీళ్లు చల్లబడి పగటిపొద్దు తగ్గాక మళ్లీ ఆకై బయటకు వస్తుంది. ఆ దారాన్ని అంతవరకూ అందరూ వేరే నాచు అనుకున్నారు. ఆ ఒక్క ముక్కతో జపాన్‌లో నోరి పరిశ్రమ నిలదొక్కుకుంది. ఆమె ఎప్పుడూ జపాన్ వెళ్లలేదు. అయినా కుమమోతో తీరంలోని ఉతోలో స్మారకం కట్టుకుని, ఏటా ఏప్రిల్ 14న ఆమెను తలుచుకుంటారు.

అద్దెకుండేవాళ్ల సంగతి

నాచు తోటలో నాచొక్కటే ఉండదు. దాని మొదళ్లలో చీమల్లాంటి చిన్న రొయ్యజాతి పురుగులు, ఆకులమీద నత్తలు, సందుల్లో పీతలు, నీడన చేపపిల్లలు. ఆకుల మధ్య అల వేగం తగ్గుతుంది, దాక్కోవడానికి వీలుంటుంది, తినడానికి సన్ననాచు దొరుకుతుంది. తోట పోతే అందరూ రోడ్డున పడతారు.

ఇది ఎంత త్వరగా జరుగుతుందో అమెరికాలో చూశారు. కాలిఫోర్నియాలో ఉంటున్న కొడుకూ కోడలూ అమ్మానాన్నలను తీసుకెళ్లే చోట్లలో మాంటెరీ అక్వేరియం ఒకటి. అక్కడ గాజుగోడల వెనక మూడంతస్తుల ఎత్తు పెరిగిన కెల్ప్ నాచును చూసి నోరెళ్లబెట్టనివాళ్లుండరు. బాగా చల్లటి, పోషకాలున్న నీళ్లు దొరికితే రోజుకు అరమీటరు దాకా పెరిగే రకం అది. అదే రాష్ట్రం ఉత్తర తీరంలో 2013లో తెగులు సోకి నక్షత్రచేపలు చచ్చిపోయాయి. 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కింది. కెల్ప్ నీరసపడింది. నక్షత్రచేపలు తినాల్సిన సముద్రపు ముళ్లకాయలు లెక్కకు మిక్కిలిగా పెరిగి మిగిలిన కెల్ప్‌ను మొదలంటా కొరికేశాయి. నూటికి తొంభై పాళ్లకు పైగా తోట మాయం. కెల్ప్ తిని బతికే అబలోన్ అనే పెద్ద నత్తలు ఆకలితో చచ్చిపోయాయి. వాటి వేటను 2018లో ప్రభుత్వం నిలిపేయాల్సివచ్చింది. అంతకుముందు 2011లో పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ వేడి కెరటం వచ్చి వంద కిలోమీటర్ల మేర కెల్ప్‌ను తుడిచేసింది.

మనదగ్గర కెల్ప్ లేదు. నీళ్లు ఎప్పుడూ వెచ్చగానే ఉంటాయి. అందుకని మనకేం కాదనుకోవడానికి లేదు. మన నాచులు ఇప్పటికే వేడి అంచున బతుకుతున్నాయి.

చిలికకు ఉప్పు... కొల్లేటికి తీపి

సముద్రపు స్థితి మారితే నీటి అడుగున ఏమవుతుందో చూడటానికి కడలి దాకా పోనక్కరలేదు. కొల్లేరుంది. కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పడి ఉన్న ఈ సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మంచినీళ్లు తెస్తాయి. ఉప్పుటేరు అరవై కిలోమీటర్ల పైచిలుకు వంకరలు తిరుగుతూ పోయి ఆ నీళ్లను సముద్రంలో కలుపుతుంది. పై నుంచి నీళ్లు బలంగా వస్తే సముద్రం వెనక్కు తగ్గుతుంది. ఎండాకాలం పై నీళ్లు సన్నగిల్లితే పోటు ఉప్పుటేట్లోంచి ఎగదన్నుతుంది.

ఆ ఉప్పు పాకిన మేరా నీటి అడుగు లోకం మారిపోతుంది. గుర్రపుడెక్క మాడిపోతుంది. అది పోయిందని సంతోషించేలోపు కిక్కిస, తామర లాంటి తీపినీటి మొక్కలూ దెబ్బతింటాయి. వాటి నీడన పిల్లలు పెట్టే మంచినీటి చేపలు, ఆ చేపలకోసం ఆటపాక చేరే గూడబాతులు... గొలుసు పొడవునా కదలిక వస్తుంది. కొల్లేటి చుట్టూ తగువులెప్పుడూ గట్ల గురించీ, కాంటూరు గురించీ. 1999లో ప్లస్ 5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఎవరి చెరువు ఎంత లోపలుందన్న లెక్క అందరికీ తెలుసు. నీటిలో ఉప్పు ఏ నెలలో ఎంతదాకా వచ్చిందన్న లెక్కకు అంత గిరాకీ లేదు. ఈ సరస్సు బతుకును తేల్చేది అదీనూ.

చిలిక కథ దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. ఒడిశాలోని ఆ ఉప్పునీటి సరస్సుకు సముద్రంతో ఉన్న దారి ఇసుక మేటలతో పూడుకుపోయింది. నీళ్లు చప్పబడ్డాయి. మంచినీటి కలుపు కమ్ముకుంది. చేపలు, పీతలు తగ్గాయి. ఎగువ, దిగువ పల్లెల్లోని జాలర్లకు పూట గడవడం కష్టమైంది. 2000 సెప్టెంబరులో చిలిక అభివృద్ధి సంస్థ సరస్సుకూ సముద్రానికీ మధ్య కొత్త ముఖద్వారం తవ్వింది. ఉప్పు లోపలికి వచ్చింది. కలుపు తగ్గింది, సముద్రపు గడ్డి మళ్లీ పరుచుకుంది. అక్కడి గ్రాసిలేరియా ఎర్రనాచుకూ ఆ ఉప్పే ఆధారం. ఏటా రెండువేల టన్నుల లోపుకు పడిపోయిన చేపల రాబడి రెండేళ్లు తిరిగేసరికి పదివేల టన్నులు దాటింది. ఆపదలో ఉన్న సరస్సుల జాబితాలోంచి 2002లో చిలిక పేరు తీసేశారు.

చిలికకు మందు ఉప్పు. కొల్లేటికి అదే ఉప్పు మోతాదు దాటితే విషం. దక్షిణాన పులికాట్ పరిస్థితి చిలికలాంటిది. ఇసుక మేటలు ముఖద్వారాలను మూసేసినప్పుడల్లా తడ, వాకాడు వైపు పల్లెలు ఇబ్బంది పడుతుంటాయి. మూడు సరస్సులకూ ఒకే మందు రాసే వైద్యుడు దొరికితే మాత్రం జాగ్రత్తపడాలి.

సాగు చేస్తే పండుతుందా?

అసలు ప్రశ్న ఇక్కడుంది. సముద్రపు నాచు సాగు పేరు ఈమధ్య బాగా వినిపిస్తోంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో దీనికోసమే 640 కోట్ల రూపాయలు చూపించారు. వెదురు తెప్ప, తాడు, విత్తనపు ముక్కలు, నెలన్నర ఆగితే కోత. ఎరువులేదు, పురుగుమందు లేదు, మంచినీళ్లక్కరలేదు. మత్స్యకార మహిళలకు ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది.

రామేశ్వరం, మండపం పల్లెల్లో ఇది నిజంగానే జరిగింది. అక్కడి ఆడవాళ్లు తరతరాలుగా కళ్లద్దాలు కట్టుకుని, వేళ్లకు గుడ్డలు చుట్టుకుని నీళ్లలో మునిగి నాచు ఏరేవాళ్లు. తోట దెబ్బతినకుండా నెలకు పన్నెండు రోజులే ఏరాలని తమకు తామే కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ తర్వాత కప్పాఫైకస్ అనే విదేశీ ఎర్రనాచు సాగు వచ్చింది. భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దాన్ని 1984లో దేశానికి తెచ్చింది. 2000ల్లో పెద్ద కంపెనీ కొనుగోలుకు దిగడంతో వేల కుటుంబాలు తెప్పలు కట్టాయి. 2012-13 నాటికి ఏటా వెయ్యి టన్నులకు పైగా ఎండునాచు తీశారు. ఆ తర్వాత సముద్రం వేడెక్కింది, తెగులు తగిలింది. తాళ్లకు కట్టిన నాచు తెల్లబడి రాలిపోయింది. దిగుబడి కుప్పకూలింది. మరోపక్క తప్పించుకుపోయిన ముక్కలు దీవుల దగ్గరి పగడాలమీద పాకి వాటిని కప్పేస్తున్నాయని 2008లో శాస్త్రవేత్తలు చూపించారు. పండితే పొరుగువాడికి కష్టం, పండకపోతే పెట్టినవాడికి నష్టం!

ఆ తీరానికి మనకు లేని సౌకర్యాలున్నాయి. మన్నార్ సింధుశాఖలో పెద్ద నది కలవదు. పగడపు దిబ్బలు అలలను ఆపుతాయి. నీళ్లు తేట. ఏడాదిలో ఉప్పు మన తీరంలో అంత ఊగదు. మన తీరంలో జులై నుంచి వరదనీళ్లు, అక్టోబరు-నవంబరుల్లో చప్పటి ప్రవాహం, డిసెంబరు దాకా తుపాన్ల భయం. ఉప్పు నిలకడగా ఉండేది జనవరి నుంచి మే వరకు. అంటే ఏడాదిలో అయిదు నెలలు. మే నెలలోనూ తుపాను రాదన్న హామీ లేదు. 1990లో మచిలీపట్నం దివిసీమ ప్రాంతాన్ని ముంచిన పెనుతుపాను వచ్చింది మే నెలలోనే.

అయిదు నెలలంటే నెలన్నర కోత లెక్కన మూడు పంటలు. అక్టోబరు ముందు విత్తనపు నాచును ఎక్కడో ఒకచోట, ఒడ్డున తొట్లలోనైనా, బతికించి ఉంచుకోవాలి. లేకపోతే జనవరిలో మళ్లీ రామేశ్వరం నుంచి లారీలో తెప్పించుకోవాల్సిందే. ఆ రవాణా ఖర్చు, చచ్చిపోయే విత్తనం ఖర్చు కలిపి చూశాకే గిట్టుబాటు ఎంతో తెలుస్తుంది. తెప్పలు పంచిపెట్టే ముందు వేయాల్సిన లెక్క ఇది. రొయ్యల చెరువులో పిల్ల వదిలే ముందు మన రైతు రిఫ్రాక్టోమీటరు తీసి ఒక చుక్క నీళ్లు గాజుమీద వేసి ఆకాశం వైపు పెట్టి చూస్తాడు. ఆ గొట్టమే తెప్పమీదా పనికొస్తుంది.